ఎనిమిది ఆదివారాల ట్యూషన్

షాలేం రాజుకి ఐరిష్ డాన్స్ గురించి తెలిసినదంతా కాగితాల మీదుగా తెలిసిందే. ఆష్‌బర్న్ చుట్టుపక్కల ఎక్కడ పోటీలు జరిగినా హోటల్ బాల్‌రూమ్ వెనక కిటికీ లేని ఒక గది ఇస్తారు. అందులో లాప్‌టాప్ ముందు కూర్చుని జడ్జీలు వేసిన మార్కులు ఎక్కించడం అతని పని. జీతం లేదు. మధ్యాహ్నం ఒక సాండ్‌విచ్, ఒక ఆపిల్ ఇస్తారు. గోడకి అవతల ఫిడేలు మోగుతుంది, చెక్క స్టేజి మీద బూట్లు టకటకలాడతాయి. ఇవతల ఇతను అంకెలు కొడుతుంటాడు. ఈ మూడేళ్లలో కూతురు అబిగేల్ స్టేజి మీద ఆడుతుంటే అతను కళ్లారా చూసింది నాలుగుసార్లో ఐదుసార్లో.

మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు, ఎక్కడ నిలబడినా క్యూలో ఉన్నవాడిలాగే నిలబడతాడు. నలభై ఏడేళ్లు. సొంతూరు పాలకొల్లు. ఉద్యోగం ఒక డేటా సెంటర్‌లో, పన్నెండు గంటల షిఫ్టు. తెర మీద పచ్చచుక్కలు ఎర్రబడితే ఫోన్ చేసి చెప్పాలి. ఏడాదికి మూడో నాలుగోసార్లు ఎర్రబడతాయి. గ్రీన్ కార్డ్‌కి అప్లై చేసి పదమూడేళ్లయింది. మొదట్లో నెలనెలా వీసా బులెటిన్ రాగానే తమ వంతు తేదీ ఎంత ముందుకు జరిగిందో చూసి భార్య నళినికి చెప్పేవాడు. తర్వాత చూసినా చెప్పడం మానేశాడు. ఆ తర్వాత చూడటమే మానేశాడు. బాధపడుతున్నాడా అంటే అదీ లేదు. పన్ను పీకేముందు ఇచ్చిన ఇంజక్షన్ మత్తు దిగకుండా ఉండిపోయినట్టు, అలా అయిపోయాడు.

పిల్లకి ఈ ఐరిష్ నాట్యం ఎలా అంటుకుందని అందరూ అడుగుతారు. ఏడేళ్లప్పుడు లైబ్రరీలో ఒక మార్చి నెల శనివారం నలుగురు ఆడపిల్లలు ఆడి చూపించారు. అబిగేల్ నోరు తెరుచుకుని చూసి, ఇంటికొచ్చి వంటింటి టైల్స్ మీద మొదలుపెట్టింది. కింది పోర్షన్‌వాళ్లు కంప్లయింట్ ఇచ్చేదాకా ఆపలేదు. వాళ్ల తెలుగు చర్చిలో చాలామంది పిల్లల్ని కూచిపూడికి పంపరు, ఆ పాటల్లో వేరే దేవుళ్లుంటారని. దీనికేమంటారోనని నళినికి భయం. చర్చిలో పెద్దావిడ జ్ఞానమ్మ ఆంటీ, ఆవిడ సరే అంటే అందరూ సరే అన్నట్టే, ఒకరోజు పిల్లని ఫెలోషిప్ హాల్లో నిలబెట్టి ఆడించింది.

"చేతులెందుకమ్మా అలా బిగబట్టావు?" అంది ఆంటీ.

"అది రూల్ ఆంటీ. చేతులు మూవ్ చేస్తే మార్క్స్ కట్ చేస్తారు."

"నడుము?"

"అది కూడా మూవ్ అవ్వకూడదు."

జ్ఞానమ్మ ఆంటీ కాసేపు ఆలోచించింది. పాదాలు తప్ప ఏదీ కదలని డాన్స్‌లో తప్పు పట్టడానికి ఆవిడకేమీ దొరకలేదు. "అయితే పర్లేదులే," అంది. అలా ఆ పిల్ల చర్చి అనుమతితో మిస్ నోరా డాన్స్ స్కూల్లో చేరింది.

ఇప్పుడు ఆ నాట్యంవాళ్ల రాజ్యాంగం గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. వీళ్ల పైన ఒక సంస్థ ఉంది, ఐర్లాండ్ నుంచి నడుస్తుంది. టీచర్ కావాలంటే దాని పరీక్ష పాసవ్వాలి. జడ్జి కావాలంటే మళ్లీ ఇంకో పరీక్ష. తల్లిదండ్రులు జడ్జితో మాట్లాడకూడదు. ఫలితం మీద అనుమానముంటే టీచర్‌కి చెప్పుకోవాలి, టీచర్ పైకి ఉత్తరం రాయాలి. స్టేజి మీద ఆడే పిల్లల్ని వీడియో తీయకూడదు. మార్కులు ఎక్కించేవాడు తన పిల్లలున్న పోటీ కాగితం ముట్టుకోకూడదు. ప్రతి ఫలితాల కాగితం అడుగునా ఒక చిన్న గడి ఉంటుంది: "ఈ పోటీలో నా పిల్లలు లేరు." దానికి టిక్ పెట్టి సంతకం చేయాలి. మన ఇంటర్ బోర్డుకి కూడా ఇంత మడి లేదు. షాలేం రాజుకి మాత్రం ఇదంతా ఎంతో నచ్చింది. ఏ ప్రశ్నకి ఏ కాగితమో అక్కడ రాసిపెట్టి ఉంటుంది.

పిల్లలకి స్కూలు తరగతుల్లాగే మెట్లుంటాయి. అబిగేల్ పైనుంచి రెండో మెట్టు మీద ఉంది. ఆ మెట్టు మీద రెండు ఫస్టులు తెచ్చుకుంటే ఆఖరి మెట్టు, ఓపెన్ అంటారు, ఎక్కనిస్తారు. ఒక ఫస్టు పదకొండో ఏటే వచ్చింది. తర్వాత రెండేళ్లూ సెకండే. ఆరుసార్లు సెకండ్. వాళ్ల లెక్కలో ఒక్కో జడ్జి దగ్గర మొదటివాళ్లకి వంద పాయింట్లు, రెండోవాళ్లకి డెబ్భై ఐదు. అరమార్కు తేడాతో వెనకబడినా పాతిక పాయింట్లు ఎగిరిపోతాయి. అబిగేల్ ఆరోసారి ఆ సెకండ్ మెడల్ తెచ్చి, కారులో సాక్స్ ఊడదీస్తూ, "వన్ మోర్ ఫస్ట్ డాడీ. జస్ట్ వన్," అంది. ఆ సాక్స్ జారకుండా కాళ్లకి జిగురు రాసి అంటిస్తారు. ఊడదీస్తే చర్మం ఎర్రబడుతుంది.

అప్పుడు షాలేం రాజుకి ఒక ఆలోచన వచ్చింది. పాలకొల్లులో పదో తరగతి చదివినవాడికి ఎవడికైనా వచ్చే ఆలోచనే. పొద్దున ఐదింటికి ఒక సారు దగ్గర లెక్కలు, సాయంత్రం ఆరింటికి ఇంకో సారు దగ్గర అవే లెక్కలు, మధ్యలో స్కూల్లో మూడో సారు. ముగ్గురికీ మిగతా ఇద్దరి సంగతీ తెలుసు. ఎవరూ ఏమీ అనుకోలేదు. లెక్కల్లో తొంభై ఆరొస్తే ముగ్గురూ నా స్టూడెంటేనని చెప్పుకున్నారు. ఒకరి దగ్గర పట్టుబడనిది ఇంకొకరి దగ్గర పట్టుబడుతుందన్నది మన దేశంలో పసిపిల్లాడికి కూడా తెలిసిన విషయం.

నది దాటి మేరీల్యాండ్ వెళితే ఓర్లా అని ఒక కుర్ర టీచరుంది. అదే సంస్థ పరీక్ష కొత్తగా పాసైంది. షాలేం రాజు ఆమెకి ఫోన్ చేసి, పిల్లకి హార్న్‌పైప్ అనే డాన్స్‌లో తాళం ఎక్కడో జారుతోంది, కాస్త చూడమన్నాడు. స్కూల్ మారదామని అడుగుతున్నారేమోననుకుని ఆమె రమ్మంది. ఇతను ఆ మాటే ఎత్తలేదు, ఆమె అడగలేదు. డిసెంబరు మొదలు జనవరి ఆఖరుదాకా ఎనిమిది ఆదివారాలు, ఆరాధన అవగానే, చర్చిలో పెట్టిన బిర్యానీ డబ్బాలో సర్దుకుని కారులోనే తినిపిస్తూ తీసుకెళ్లాడు.

"డాడీ, ఎవరూ ఇలా టూ టీచర్స్ దగ్గరికి వెళ్లరు," అంది అబిగేల్ రెండో వారం.

"వెళ్లకపోతే వాళ్లకే నష్టం."

"మిస్ నోరాకి చెప్పావా?"

"చెప్పడానికేముంది? ఆవిడ దగ్గర మానేయట్లేదు కదా."

ఆ పిల్ల బిర్యానీ డబ్బా మూత పెట్టి కిటికీ వైపు తిరిగింది. తాళం మాత్రం నిజంగానే కుదిరింది. జనవరి ఆఖరుకి మిస్ నోరా తనంతట తానే నళినిని పక్కకి పిలిచి, ఏప్రిల్‌లో మన స్కూలే పోటీలు పెడుతోంది, ఈసారి ఫస్ట్ అబిగేల్‌దే, నేను పాతికేళ్లుగా చూస్తున్నాను నాకు తెలుసు అంది. నళిని ఆ రాత్రి భర్తకి చెబితే, "ఊఁ," అన్నాడు. లోపల సంతోషించాడనే అనుకోవాలి.

ఫిబ్రవరిలో ఏటా సంస్థ నుంచి మిస్ నోరా స్కూలు ద్వారా వచ్చే రిజిస్ట్రేషన్ ఫారం వచ్చింది. తొమ్మిదో ప్రశ్న: గత ఆరు నెలల్లో ఈ డాన్సర్ వేరే రిజిస్టర్డ్ టీచర్ దగ్గర శిక్షణ పొందిందా? తల్లిదండ్రులందరూ చదవకుండానే 'లేదు' అని టిక్ పెట్టే ప్రశ్న అది. షాలేం రాజు చదివాడు. 'అవును' అని టిక్ పెట్టాడు. వివరాలు రాయడానికి చోటు చాలకపోతే ఇంకో కాగితం జతచేశాడు: టీచర్ పేరు, ఊరు, ఎనిమిది తేదీలు, ఏ తేదీన ఏ నాట్యం. ఎక్కువ కష్టపడిన పిల్లకి ఎక్కువ మంచి జరుగుతుందన్న నమ్మకం కూడా అందులో ఉంది. తన వేలితో తన కన్నే పొడుచుకోవడం అంటే ఇదే, కాకపోతే ఇంత శ్రద్ధగా తేదీలు వేసి పొడుచుకున్నవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

మంగళవారం మిస్ నోరా ఫోన్ చేసింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఆ సంస్థ కింద పిల్ల ఒక్క టీచర్‌కే చెందుతుందట. వేరే స్కూలు టీచర్ దగ్గర నేర్చుకుంటే బడి మారినట్టే లెక్క. మారినవాళ్లు ఆరు నెలలు పోటీల్లో ఆడకూడదు. ఒక టీచర్ తయారుచేసిన పిల్లల్ని ఇంకొకరు ఎగరేసుకుపోకుండా ఎప్పుడో పెట్టుకున్న కట్టుబాటు. ఇదంతా చెప్పి, ఒక్క క్షణం ఆగి, అక్కడ ఓర్లా నేర్పిందా, లేక హాలు అద్దెకి తీసుకుని పిల్ల తనంతట తాను ప్రాక్టీస్ చేసుకుందా అని అడిగింది. హాలు అద్దెకైతే రూల్ వర్తించదు. ఎనిమిది తేదీలూ అలాగే ఉండనిచ్చి, ఆ ఒక్క ముక్క వివరణగా రాసిస్తే చాలు. గురువారం సాయంత్రంలోగా బాగా ఆలోచించుకుని రాయమంది. 'బాగా' అన్న మాట రెండుసార్లు అంది.

ఆ సాయంత్రం నళిని ఫార్మసీలో పని ముగించుకుని వచ్చి, కోటు కూడా విప్పకుండా అంతా వింది.

"ఆవిడే దారి చూపిస్తోంది కదండీ. హాలు అద్దెకి తీసుకున్నామని రాసేయండి, అయిపోద్ది."

"హాల్లో ఓర్లా ఉంది."

"ఉంటే? గోడకి అద్దం కూడా ఉంది. అద్దం నేర్పిందని రాస్తారా?"

"ఆల్రెడీ ఒకటి రాశాను నళినీ. ఇప్పుడు ఇంకోటి రాస్తే మిస్‌రెప్రజెంటేషన్ అవుద్ది."

"ఇది ఇమిగ్రేషన్ కాదు. పిల్ల డాన్స్."

"ఫారం ఫారమే."

ఇక్కడెవరైనా షాలేం రాజు సత్యహరిశ్చంద్రుడనుకుంటే పొరపాటు. హైవే మీద డెబ్భైలో వెళ్తూ పోలీసు కనబడగానే యాభై ఐదుకి దిగే మనిషే అతనూ. కానీ ఫారం దగ్గర మాత్రం అతనికి చేయి రాదు. న్యూజెర్సీలో కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఉన్న రోజుల్లో రాకేష్ అని రూమ్మేటుండేవాడు. రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్‌ని ఐదేళ్లని కాగితాల్లో రాయించుకున్నాడు. చెల్లెలి పెళ్లికని ఇండియా వెళ్లాడు, వీసా స్టాంపింగ్‌లో ఒక్క ప్రశ్న అడిగారు, ఇక రాలేదు. అతని బట్టలు, రైస్ కుక్కర్, సగం వాడిన షాంపూ అన్నీ ఇక్కడే ఉండిపోయాయి. ఆ కుక్కర్లోనే షాలేం రాజు మూడేళ్లు అన్నం వండుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఏ ఫారం ముందు కూర్చున్నా అతనికి ఆ కుక్కర్ మూత గుర్తొస్తుంది. నిజాయితీ చాలా పెద్ద మాట, దాన్ని ఇక్కడ వాడకండి. ఇది ఒట్టి భయం.

గురువారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరిచాడు. 'హాలు అద్దె' అని ఒకసారి టైప్ చేశాడు. కాసేపు దాన్నే చూశాడు. చెరిపేశాడు. స్కూలు నుంచి వచ్చిన అబిగేల్ మెట్ల మీద కూర్చుని ఉంది, మంగళవారం మాటలన్నీ కూడా అక్కడే కూర్చుని విన్నదని తర్వాత తెలిసింది. నాలుగున్నరకి ఒక్క లైను రాసి పంపాడు: అవి క్లాసులే, ఎనిమిదీ.

పదిరోజులకి ఉత్తరం వచ్చింది. ఆఖరి క్లాసు తేదీ నుంచి ఆరు నెలలు, అంటే జులై ఆఖరుదాకా, పోటీలు లేవు. ఆ ఆఖరి తేదీ అతను జతచేసిన కాగితంలోంచే తీసుకున్నారు. ఓర్లాకి హెచ్చరిక వెళ్లిందట. మిస్ నోరా ఒక మెసేజ్ పెట్టింది: సారీ, షీ వాజ్ రెడీ.

రాత్రి భోజనాల దగ్గర కూతురికి చెప్పాడు.

"ఎయిట్ క్లాసెస్ అని కూడా రాశావా?" అంది అబిగేల్.

"రాశాను."

"ఓకే."

పప్పూ అన్నం కలుపుకుంది. నళిని పెరుగు గిన్నె ఆమె ముందుకి జరిపింది. ఎవరూ ఏడవలేదు. పిల్ల అరిస్తే బాగుండునని షాలేం రాజుకి అనిపించింది, అరిస్తే సమాధానం చెప్పొచ్చు. తనకేదైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాడు. ఏమీ అనిపించలేదు. కంచం కడిగి, బాడ్జి మెళ్లో వేసుకుని షిఫ్టుకి వెళ్లాడు. ఆ రాత్రి చుక్కలన్నీ పచ్చగానే ఉన్నాయి.

అబిగేల్ క్లాసు మానలేదు. నేర్చుకోవడానికి అడ్డులేదు కాబట్టి వారానికి మూడురోజులూ వెళ్లేది, కాకపోతే వెనక వరసలో నిలబడేది. పోటీకి వెళ్లే పిల్లలకి ముందువరస కావాలి కదా అని తనే వెనక్కి జరిగిందట. వంటింటి టైల్స్ మీద చప్పుడు ఆగిపోయింది. ఇల్లు మారి మూడేళ్లయింది, ఇప్పుడు కింద ఎవరూ లేరు. అయినా ఆగిపోయింది.

చర్చిలో మాత్రం సంగతి వేరేగా, నష్టమైనా నిజమే రాశాడని, పాకింది. జ్ఞానమ్మ ఆంటీ ఆరాధన తర్వాత అతని చేయి పట్టుకుంది. "ప్రభువు నిన్ను పరీక్షించాడు నాయనా, నువ్వు నిలబడ్డావు. వచ్చేవారం సాక్ష్యం చెప్పు. యూత్ వినాలి," అంది.

పక్కనే అబిగేల్ నిలబడి తన బూట్ల వంక చూసుకుంటోంది.

"వద్దాంటీ," అన్నాడు.

"సిగ్గెందుకు బాబూ?"

"సిగ్గు కాదాంటీ. వద్దు." ఆవిడ అతని వినయానికి ఇంకా మురిసిపోయింది.

ఏప్రిల్ రెండో శనివారం వచ్చింది. సొంత స్కూలు పెట్టే పోటీలు కాబట్టి ప్రతి కుటుంబమూ ఏదో ఒక పని చేయాలి. నళిని పొద్దున్నే, స్టేజి ఎక్కే అమ్మాయిలు పెట్టుకునే ఉంగరాల విగ్గులకి పిన్నులు పెట్టే బల్ల దగ్గర కూర్చుంది. షాలేం రాజు తన గదిలో, తన లాప్‌టాప్ ముందు. అబిగేల్‌కి పసుపుపచ్చ జాకెట్ ఇచ్చి రన్నర్‌ని చేశారు. జడ్జీల దగ్గర మార్కుల కాగితాలు తీసుకుని, ఎవరికీ చూపించకుండా, ఆ గదికి చేర్చాలి. ఆమె ఆ పని బాగానే చేస్తోంది. కాగితాలు తిరగేసి పట్టుకుని, పరుగెత్తకుండా త్వరగా నడుస్తోంది. ఆ నడకలో కూడా చేతులు పక్కలకి అంటుకునే ఉన్నాయి.

గదిలో రెండు బల్లలు. ఒకటి ఇతనిది, రెండోది డెనీస్ అనే ఆవిడది. ఆవిడ పిల్లలు పెద్దవాళ్లై ఎప్పుడో డాన్స్ మానేశారు, ఈవిడ మానలేదు. మూడేళ్లుగా అబిగేల్ ఆడిన ప్రతి పోటీ కాగితమూ డెనీస్ బల్ల మీదికే వెళ్లింది. ఆవిడ అంకెలు కొడుతుంటే ఇతను కావాలని మొహం అటు తిప్పుకునేవాడు. ఆ ఆరు సెకండ్లూ గోడ వంక చూస్తూ తెలుసుకున్నవే.

మధ్యాహ్నం రెండున్నరకి గోడకవతల హార్న్‌పైప్ మొదలైంది. అతనికి ఆ పాట తెలుసు. టైమ్‌టేబుల్ చూడకుండానే ఏ పోటీయో కూడా తెలుసు. సాండ్‌విచ్ సగం తిని కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. బూట్ల చప్పుడు ఇద్దరిద్దరుగా వచ్చి ఆగిపోతోంది, మళ్లీ మొదలవుతోంది. కాసేపటికి ఫిడేలు ఆగింది.

తలుపు తోసుకుని అబిగేల్ వచ్చింది. చేతిలో మూడు కాగితాలు, ముగ్గురు జడ్జీలవి. డెనీస్ చేయి చాపింది. అబిగేల్ ఆ బల్ల దాటి వచ్చి, ఆ మూడూ తండ్రి ముందు పెట్టింది.

కాగితం పైభాగం చూశాడు. పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలు, పైనుంచి రెండో మెట్టు. "ఇది డెనీస్‌కి ఇవ్వాలి కదమ్మా," అన్నాడు అలవాటుకొద్దీ.

"లేదు డాడీ," అంది అబిగేల్. కోపంగా అనలేదు, దారి చెప్పినట్టు అంది. "ఇప్పుడు నువ్వు చేయొచ్చు."

రూల్ ప్రకారం అది నిజమే. డెనీస్ వాళ్లిద్దరినీ చూసి, చాపిన చేయి మెల్లిగా వెనక్కి తీసుకుంది. షాలేం రాజు కాగితాలు సరిచేసుకుని ఎక్కించడం మొదలుపెట్టాడు. పదమూడు మంది పిల్లలు. ఒక్కొక్కరికి మూడు అంకెలు. కూతురు పక్కనే నిలబడి ఉంది, ఫలితాలు గోడకి అంటించడానికి పట్టుకెళ్లాలి కాబట్టి. ఎప్పుడూ థర్డ్ వచ్చే పిల్లకి ఫస్ట్ వచ్చింది. రెండో జడ్జి కాగితంలో ఆమె పేరు పక్కన మార్జిన్‌లో, హార్న్‌పైప్‌లో తాళం జారింది అని రాసి ఉంది. అది అతను రెండుసార్లు చదివాడు.

ప్రింటర్‌లోంచి కాగితం వచ్చింది. అడుగున ఆ చిన్న గడి. ఈ పోటీలో నా పిల్లలు లేరు. పెన్ను తీసుకున్నాడు. అబిగేల్ చూస్తూనే ఉంది. పక్కకి చూడలేదు, ఫోన్ తీయలేదు.

రెండు నెలలుగా ఎక్కడుందో తెలియని నొప్పి అప్పుడు వచ్చింది. పెన్ను కిందపెట్టి పిల్ల చేయి పట్టుకోవాలనిపించింది, తప్పు చేశానమ్మా అని చెప్పాలనిపించింది. డెనీస్ ఉంది. బయట గోడ దగ్గర పదమూడు మంది తల్లులు ఎదురుచూస్తున్నారు. గడిలో టిక్ పెట్టి, కింద సంతకం చేసి, తేదీ వేసి కాగితం కూతురికిచ్చాడు.

అబిగేల్ ఆ టిక్ వంక చూసింది.

"థాంక్స్ డాడీ," అని కాగితం తిరగేసి పట్టుకుని, చేతులు పక్కలకి ఆనించుకుని బయటికి నడిచింది.